జాలరులు పని చేస్తూ పాడే పాటలను ఆ పనితో పాటే భద్రపరచాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత కార్తీక మాసంలో మా గంజాం జిల్లాలో జరిగిన ఒక సాంస్కృతిక సభలో ‘జాలరి పాట’ పేరుతో ప్రదర్శించిన అంశాన్ని చూసిన తరువాత ఈ లేఖ రాయక తప్పలేదు. పదిపన్నెండు మంది యువతీయువకులు జరీ అంచు బట్టలు కట్టుకొని, కీబోర్డు, డోలు వాద్యాల నడుమ, అట్టతో చేసిన తెడ్లు ఊపుతూ, ‘హైలెస్సా’ అంటూ మహా వేగంగా పాడారు. పిల్లలు శ్రద్ధగానే నేర్చుకున్నారు, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే నా పక్కన కూర్చున్న మా పెదమావయ్య నలభై ఏళ్లకు పైగా సముద్రం మీద వేట చేసిన మనిషి. ఆయన నా చెవి దగ్గరికి వంగి, “ఈ జోరున తెడ్డేస్తే కెరటాలు దాటకముందే రెక్కలు పడిపోతాయిరా” అన్నాడు. మూడేళ్లుగా ఈ పాటలను సేకరిస్తూ, వాటిని మళ్లీ పాడించే ప్రయత్నంలో ఉన్న నాకు, మేము ఎక్కడ పొరబడుతున్నామో ఆ ఒక్క మాటలో కనిపించింది.

మీ పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చునని చెబుతున్నాను. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే రామాయపట్నం, మార్కండి, ఆర్జిపల్లి, గోపాలపూర్ మొదలుకొని పూరీలోని పెంటకోట వరకు ఒడ్డు పొడుగునా తెలుగు మాట్లాడే వాడబలిజ, జాలరి కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఒడియావారు మమ్మల్ని నోలియాలు అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ కాలంలో గోపాలపూర్ రేవుకు వచ్చే ఓడలు ఒడ్డుకు చేరలేక దూరంగా లంగరు వేసేవి. సరుకును, రంగూన్‌కు వలస వెళ్లే కూలీలను ఓడ దాకా చేర్చేది మసూలా పడవలే. ఒక్క మేకు కూడా కొట్టకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన ఆ పడవ, కెరటం ఎత్తి ఒడ్డుకు విసిరినా పగలకుండా వంగి నిలిచేది. కెరటాల వరుస దాటేటప్పుడు ఒక ఊపున, దాటిన తరువాత నిదానంగా తెడ్లు పడాలి. ఆ మార్పును అందరి చేతులకూ ఒకేసారి అందించింది పాటే. 1942 మార్చిలో రంగూన్ జపాన్ సేనల వశమయ్యాక ఆ రాకపోకలు నిలిచిపోయాయి. మసూలాల పాటలో మాకు దొరికినవి, తండ్రుల దగ్గర విన్నవారి నోట మిగిలిన నాలుగైదు చరణాలు మాత్రమే.

ఒడ్డున పెద్ద వల లాగే పాట అదృష్టవశాత్తూ అంతగా చెడిపోలేదు. పడవ వలను సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రాకారంలో విడిచి వస్తుంది, దాని రెండు చివరల తాళ్లను ఒడ్డు మీద రెండు జట్లు పట్టుకుంటాయి. ఒక్కొక్కరూ మడమను ఇసుకలో గుచ్చి వెనక్కి అడుగు వేస్తూ లాగుతారు. అందరికన్నా వెనుకనున్నవాడు తాడు వదిలి, నీటి అంచు దాకా నడిచి వెళ్లి, మళ్లీ ముందు చోట పట్టుకుంటాడు. ఈ తిరుగుడు గంటల తరబడి సాగుతుంది కనుక పాటకు ముగింపు ఉండదు. ముందుపాట అందుకునేవాడు వల యజమానినో, అల్లుడినో, ఆ దారిన పోయే బేరగాడినో తగిలించుకుంటూ చరణాలు అప్పటికప్పుడు కడుతుంటాడు. మిగిలినవారి జవాబు మాత్రం మారదు, ఆ జవాబులో ఒక అక్షరం దగ్గరే బరువంతా తాడు మీద పడుతుంది. రెండు జట్లూ ఒకే పాటకు జవాబు చెబుతాయి కనుకనే వల రెండు చివరలూ సమానంగా ఒడ్డుకు వస్తాయి. ఒక పక్క ముందుగా వచ్చిందంటే చేప జారిపోతుంది. వల సంచి దగ్గరపడేకొద్దీ మాటలు తగ్గి, చివరికి జవాబు ఒక్కటే మిగులుతుంది. సభల్లో పాడేవారు ఈ చివరి వేగాన్ని మాత్రమే విని, పాటంతా అలాగే ఉంటుందనుకుంటున్నారు.

మా ప్రయత్నంలోనూ మొదట అదే తప్పు జరిగింది. పెద్దలను అరుగుల మీద కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేశాను. రెండు చరణాలు పాడేసరికి ఆగిపోయేవారు, వరుస తప్పేవారు. “తాడు నేకుండా పాటెలా వస్తాదిరా బాబూ?” అని ఒక తాత విసుక్కున్న తరువాత, పాత వల తాడు ఒకటి తెచ్చి, చివర ఇసుక నింపిన రెండు గోతాలు కట్టి, ఆరుగురు కుర్రాళ్లను నిలబెట్టాము. తాత తాడు మీద చెయ్యి వేశాడు. అంతకు ముందు నెల రోజులుగా గుర్తు రాని చరణాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అరుగు మీద పాడిన వేగం దాదాపు సగానికి దిగింది. జవాబుకూ జవాబుకూ మధ్య మేము తప్పుగా అనుకొని కత్తిరించిన ఖాళీ, కాలు వెనక్కి మార్చుకొని ఊపిరి తీసుకునే సమయమని అప్పుడు తెలిసింది. నా పాత రికార్డుల్లో చాలావాటిని ఆ రోజు నుంచీ పక్కన పెట్టాను.

పడమటి దేశాల తెరచాప ఓడల పాటలకూ ఇదే గతి పట్టబోయి, కొంతమంది పట్టుదల వల్ల నిలిచింది. ఆవిరి యంత్రాలు వచ్చి తాడు లాగే చేతుల అవసరం తీరిపోయాక, జేమ్స్ మ్యాడిసన్ కార్పెంటర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1928లో బ్రిటన్‌కు వెళ్లి, వృద్ధ నావికుల పాటలను మైనపు సిలిండర్ల మీద పట్టుకున్నాడు. 1929లో మునిగిన గార్త్‌పూల్ అనే తెరచాప ఓడలో స్వయంగా పాట అందుకున్న స్టాన్ హ్యూగిల్, తెరచాప ఎత్తేటప్పుడు పాడేవేవి, లంగరు లేపుతూ గుండ్రంగా నడిచేటప్పుడు పాడేవేవి అని పనిని బట్టి పాటలను చెప్పి, 1961లో అచ్చువేశాడు. ఆ పద్ధతే మనకూ కావాలి: పాటతో పాటు ఏ పని, ఎంతమంది, ఏ పడవ, ఏ అక్షరం మీద లాగుడు అన్నది రాయకపోతే, రేపు దాన్ని మళ్లీ పాడాలనుకునేవారికి మాటలు తప్ప ఏమీ దొరకవు.

హ్యూగిల్ అనుభవంలోని మరొక విషయం కూడా మనకు పనికివస్తుంది. నావికుల బూతు చరణాలను ఆయన మార్చి అచ్చువేశాడు, ఆ సంగతి తానే చెప్పాడు కూడా. మా పెద్దలూ ఆడవారు ఎదురుగా ఉంటే కొన్ని చరణాలు దాటవేస్తారు. అచ్చులో ఏది వేయాలన్నది తరువాతి మాట, రికార్డులో మాత్రం అన్నీ ఉండాలి. అంతకన్నా నాకు బాధ కలిగించేది భాషను ‘సరిదిద్దే’ అలవాటు. ‘ఎల్తన్నాడు’ను ‘వెళుతున్నాడు’ అని మార్చగానే ఒక అక్షరం పెరిగి లాగుడు పడవలసిన చోటు తప్పుతుంది. చరణాల్లో దొర్లే ఒడియా మాటలను తీసివేయడమూ అంతే అన్యాయం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అన్నది మా బతుకు, మా పాటా అలాగే ఉంటుంది.

ఇప్పుడు నా విన్నపం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటినప్పుడు మా వాడల్లో పడవలు, వలలతో పాటు ఇళ్లలోని పాత క్యాసెట్లూ తడిసి పనికిరాకుండా పోయాయి. పెళ్లిళ్లలో, గంగమ్మ పండుగల్లో తీసిన అలాంటి క్యాసెట్లు శ్రీకాకుళం, విశాఖ వైపు బంధువుల ఇళ్లలో ఉంటే పారవేయవద్దని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, గుర్‌గావ్‌లో సంగీత పరిశోధకుల కోసం 1982లో నెలకొల్పిన ధ్వని భాండాగారం ఉంది. రాష్ట్ర సరిహద్దు అడ్డమనుకోకుండా ఈ తీరానికి ఒక బృందాన్ని పంపమని ఆ సంస్థలను అడుగుతున్నాను. ఇక్కడి ప్రదర్శన బృందాలు కూడా పాట నేర్చుకునే ముందు ఒక్క ఉదయం వచ్చి తాడు పట్టాలి.

వచ్చేవారికి అనువైన కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. మరపడవల వేట ఆగే ఆ 61 రోజులూ పారాదీప్, విశాఖ బోట్ల మీద పనిచేసే మా కుర్రాళ్లు ఇళ్లకు చేరతారు. పాట తెలిసిన ముసలివారు, లాగే బలమున్న పిల్లలు ఒకే ఒడ్డున ఉంటారు. బస, భోజనం మా వాడ చూసుకుంటుంది. మంచి రికార్డింగు పరికరం, గాలి చప్పుడు ఆపే మైకు మాత్రం వారు తెచ్చుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గోపాలపూర్, గంజాం జిల్లా, ఒడిశా.