కార్తీకం వచ్చేలోపు తులసికోట దారి

మాంచెస్టర్,
అక్టోబరు 5, 2025

అమ్మకు, నాయనకు నమస్కారాలు. అవ్వకు పాదాభివందనాలు.

ఫోన్‌లో చెబుదామంటే మాట మధ్యలో నువ్వు పొయ్యి మీది పాల కోసం పరిగెత్తుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఫోటో తీసి ఇప్పుడే తమ్ముడి వాట్సాప్‌కు పంపిస్తాను, కాగితం పోస్టులో తర్వాత వస్తుంది. ఈ రాత్రికే నాయన గట్టిగా చదివితే మీరంతా వినండి.

నిన్న నువ్వు ఒక మాట అన్నావు కదమ్మా, "ఎల్లుండి సోమవారం పనాయన వస్తాడు, పెరట్లో బండలకు బాత్రూం యాసిడ్ పోసి పాచంతా వదిలించేస్తాం" అని. అప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. దయచేసి యాసిడ్ పోయించొద్దు. ఎందుకో వివరంగా రాస్తాను.

పాచి తీయొద్దని నేననడం లేదు, తీసి తీరాలి. పోయిన ఏడాది వానల్లో అవ్వ తొట్టి పక్కన జారిపడి మణికట్టు విరిగినప్పుడు నేనిక్కడ వీడియో కాల్‌లో ఆ కట్టు చూస్తూ కూర్చున్నాను. ఆమె మాత్రం నొప్పి గురించి ఒక్క ముక్క అనకుండా "నువ్వు తిన్నావా" అని అడిగింది. ఇంకో రెండు వారాలు దాటితే కార్తీకం. అవ్వ తెల్లవారుజామున చీకట్లోనే తలస్నానం చేసి, తడి కాళ్ళతో తులసికోట దగ్గరికి దీపం పెట్టడానికి వెళ్తుంది. వద్దంటే వినదు, వద్దని మనం అనకూడదు కూడా. సరిగ్గా అప్పుడే మన తిరుపతికి అసలు వానలు మొదలవుతాయి. కాబట్టి ఆ పదిహేనడుగుల దారి బాగుపడాలి. కానీ యాసిడ్‌తో కాదు.

మన పెరట్లో పరిచినవి కడప బండలు. కడప బండ అంటే సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది ఆ సున్నపురాయి కోసమే కదా. దాని మీద యాసిడ్ పోస్తే బుసబుసమని తెల్లటి నురుగు వస్తుంది. మనందరం అది మురికి పోతున్న నురుగు అనుకుంటాం. కాదమ్మా, అక్కడ రాయే కరుగుతోంది. ఆ రోజుకు బండ శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ పైనున్న నునుపు పోయి కంటికి కనపడని చిన్నచిన్న గుంతలు పడతాయి. వాటిలో తడి నిలుస్తుంది, మళ్ళీ వానాకాలానికి పాచి ఇంతకు రెట్టింపు గట్టిగా పట్టుకుంటుంది. సందుల్లోని సిమెంటును కూడా యాసిడ్ తినేస్తుంది. వెనిగర్, నిమ్మరసం చేసేదీ ఇదే పని, కాకపోతే నిదానంగా.

ఇంకో సంగతి, ఇది మాత్రం ఒకటికి రెండుసార్లు చదువు నాయనా. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకూడదు, బ్లీచింగ్ చల్లిన చోట యాసిడ్ పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అవ్వకు అసలే ఆయాసం. పనాయన కూడా ఒక ఇంటి బిడ్డే, ఆయన చేత ఆ పని చేయించకండి.

నాకింత ఎలా తెలిసిందంటే, ఇక్కడ మా ఇంటి వెనక బండలతో రెండేళ్ళు అవస్థ పడ్డాను కాబట్టి. మేము ఇల్లు కొన్నప్పుడు వెనకంతా ఎర్రటి ఇసుకరాయి పలకలు పరిచి ఉన్నాయి. అవి ఎక్కడివో తెలుసా? రాజస్థాన్‌వి. ఈ దేశంలో ఎన్నో ఇళ్ళ వెనక మన దేశపు రాయే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన రోజు నేను చెప్పులు విడిచి ఆ బండల మీద కాసేపు నిలబడ్డాను. మాంచెస్టర్‌లో వాన కుండపోతగా కురవదు, తుంపరగా రోజూ పడుతూనే ఉంటుంది. మా వెనకవైపు ఉత్తరం దిక్కు, చలికాలంలో ఎండ పొడ కూడా తగలదు. ఇక నాచుకేం కావాలి? సందుల నిండా పచ్చటి ముఖమల్ గుడ్డ పరిచినట్టు పెరిగింది.

మొదటి ఏడాది ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చాను. గంటలో బండలు కొత్తవాటిలా మెరిశాయి. కానీ ఆ నీటి దెబ్బకు సందుల్లోని ఇసుకంతా ఎగిరిపోయి గోడలకు అంటుకుంది, రెండు పలకలు కదలడం మొదలుపెట్టాయి. ఖాళీ అయిన సందుల్లో ఆకులు రాలి కుళ్ళి మట్టయ్యాయి, ఆ మట్టిలో నాచు మరింత హాయిగా పెరిగింది. మరుసటి ఏడాది పచ్చికలో నాచు చంపడానికి వేసే పొడి తెచ్చి చల్లాను. అందులో ఉండేది అన్నభేది, అంటే ఇనుము ఉన్న ఒక లవణం, అవ్వకు ఆ పేరు తెలుస్తుంది. అది పచ్చికలో వేసేదే గాని రాయి మీద వేసేది కాదు. పలకల మీద తుప్పు మరకలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు.

ఆ మరకలు చూసి పక్కింటి పెద్దాయన గోడ మీదుగా పలకరించాడు. తోటపనిలోనే తల నెరిసిన మనిషి. కొన వంగిన ఒక చిన్న కత్తి తెచ్చి, నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో సందూ గీకి చూపించాడు. నాచుకు వేర్లు ఉండవమ్మా. సన్నటి నూలుపోగుల్లాంటివి ఉంటాయి, అవి రాయిని పట్టుకోవడానికే, నీళ్ళు తాగడానికి కాదు. నీళ్ళను ఒంటితోనే పీల్చుకుంటుంది. పువ్వు లేదు, విత్తనం లేదు, కంటికి ఆనని పొడి గాలిలో ఎగిరి కొత్త చోట పడుతుంది. ఎండిపోయినా చావదు. మన పెరట్లోనూ ఎండాకాలం గోడవార నల్లటి పెచ్చులా కనిపిస్తుంది చూడు, చచ్చిపోయిందనుకుంటాం, తొలకరి పడగానే పచ్చబడిపోతుంది. "దీన్ని చంపడం గురించి ఆలోచించకు, ఇక్కడ తడి ఎందుకు ఆరడం లేదో చూడు" అన్నాడు ఆ పెద్దాయన. నాకు మన పెరడు కళ్ళ ముందు కదిలింది.

తిరుపతి ఎండకు అసలు పాచి పట్టకూడదు కదా! ముంగిట్లో అవే కడప బండలు, అక్కడ లేదే. పెరట్లో ఎందుకుందంటే, నువ్వు మోటార్ వేసి మరిచిపోయిన ప్రతిసారీ మిద్దె మీద ట్యాంకు నిండి, పొంగే పైపు నీళ్ళు తిన్నగా తొట్టి పక్కన పడతాయి. దాని మీద జామచెట్టు కొమ్మలు గొడుగు పట్టాయి. తడి, నీడ రెండూ మనమే ఇస్తున్నాం. అందుకని తమ్ముడు ముందు ఆ పైపుకు ఇంకో ముక్క తగిలించి కాలువలోకి దించాలి. జామచెట్టు కింది కొమ్మలు రెండు కొట్టించండి, కాయలున్న కొమ్మ వదిలేయండి. పొద్దుటి ఎండ ఆ బండల మీద పడాలి. బియ్యం కడిగిన నీళ్ళు బండల మీద కుమ్మరించకుండా కరివేపాకు చెట్టు మొదట్లో పోయ్.

తర్వాతే గీకుడు. రెండు రోజులు ఆ చోట నీళ్ళు పడకుండా చూస్తే నాచు ఎండి పెళ్ళలుగా లేస్తుంది, తడిగా ఉన్నప్పుడు గీకితే బండంతా పులుముకుంటుంది. సందుల్లోకి పాత కొడవలి మొన చాలు. బండ మీది జారుడు పాచిని గట్టి పొరకతో రుద్దాలి. గీకిందంతా ఎత్తి దూరంగా పారేయాలి, నీళ్ళు కొట్టి అటూ ఇటూ తోస్తే మళ్ళీ అక్కడక్కడా మొలుస్తుంది. ఆ తర్వాత కాగిన నీళ్ళు సందుల వెంట పోయండి. పోసేటప్పుడు అవ్వ లోపలే ఉండాలి, పోసేవాళ్ళు చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. మిగిలిన నాచు ఆ వేడికి చస్తుంది. మందూ మాకూ అక్కర్లేదు. అవ్వ కల్లుప్పు చల్లుదామంటుంది, ఆమె కాలంలో అలాగే చేసేవాళ్ళు. కానీ ఉప్పు మట్టిలో దిగితే తులసి బతకదని చెప్పు, ఆ మాటకు తప్పకుండా ఆగుతుంది.

బాగా ఆరాక సందులు ఖాళీగా ఉంచొద్దు. మేస్త్రీని పిలిచి సిమెంటుతో పూడ్పించండి. ఆయన వచ్చినప్పుడే తొట్టి దగ్గర కుంగిన మూడు బండలు లేపి, వాలు సరిచేసి మళ్ళీ పరచమనండి. ఆరడుగులకు ఒక అంగుళం వాలు కాలువ వైపుకు ఉంటే చాలు, నీళ్ళు నిలవవు. ఈ మూడు బండల పనికి ఎంతైనా సరే వెనకాడొద్దు, డబ్బు నేను పంపిస్తాను. వంటింటి మెట్టు నుంచి తులసికోట దాకా గోడకు ఒక ఇనుప పైపు కూడా బిగించమనండి, అవ్వ పట్టుకుని నడవడానికి. అవ్వ ఎత్తు కొలిచి బిగించాలి, మేస్త్రీ ఎత్తుకు కాదు.

నాయనా, నీకు గుర్తుందా, చిన్నప్పుడు కపిలతీర్థం తీసుకెళ్ళినప్పుడు కోనేటి మెట్ల మీద నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేవాడివో? కొండ మీంచి నీళ్ళు దూకుతుంటే నేను పైకి చూస్తూ అడుగేసేదాన్ని. "పైకి తర్వాత చూద్దువు, ముందు కాలు చూసుకో, మడమ కాదు, పాదమంతా ఆనించు" అనేవాడివి. ఇక్కడ మంచు పడి రోడ్లు గాజులా గడ్డకట్టినప్పుడు నేను అలాగే నడుస్తాను. పనంతా అయ్యేదాకా అవ్వ చెయ్యి నువ్వే పట్టుకో. తమ్ముడు పొద్దున లేవడు.

పనాయనకు ఈ రాత్రే ఫోన్ చేసి యాసిడ్ తేవద్దని చెప్పండి. రేపటి కూలి మాత్రం ఇచ్చేయండి, ఆయన మనకోసం ఇంకో పని వదులుకుని ఉంటాడు. శనివారం రమ్మనండి, ఆలోపు బండలు ఆరతాయి.

బావిగోడ మీద, కాలు పెట్టని చోట ఉన్న నాచును మాత్రం తీయించొద్దమ్మా. వానపడ్డ మరునాడు దాని మీద నీటిచుక్కలు నిలిచి ఉంటే నేనూ తమ్ముడూ వేలితో తాకి లెక్కపెట్టేవాళ్ళం. అది అలాగే ఉండనీ.

పైపు బిగించాక అవ్వ దాన్ని పట్టుకుని తులసికోట దాకా నడిచేది వీడియో తీసి పంపమను తమ్ముడిని. అర్ధరాత్రయినా చూస్తాను.

మీ
పెద్దమ్మాయి

తా.క. ఇనుప తీగల బ్రష్ కొనకండి. బండ మీద గీతలు పడతాయి, తెగిన తీగ ముక్కలు తుప్పు పడతాయి, అవ్వ ఒట్టి కాళ్ళతో నడుస్తుంది.