అన్నమయ్య గురించి ఎవరూ వేయని లెక్క

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా వైశాఖ పౌర్ణమి వచ్చిందంటే అన్ని పేపర్లలోనూ అన్నమయ్య జయంతి వ్యాసాలు వస్తాయి, మీ పేపర్లో కూడా వస్తాయి, నేను వదలకుండా చదువుతాను. కానీ ప్రతిసారీ అదే కథ. పదహారేళ్ల కుర్రాడికి వేంకటేశ్వరుడు కనిపించాడు, సాళువ నరసింహరాయలు సంకెళ్లు వేయించాడు, ఈయన పాడగానే అవి ఊడిపోయాయి. ఆ కథలు అబద్ధమని నేను అనడం లేదు, నాకూ ఆ స్వామి మీద భక్తి ఉంది. నా బాధల్లా ఏమిటంటే, అవి చదివిన పిల్లలకి కవి కావాలంటే ఏదో ఒక రోజు ఏదో జరగాలి, అప్పటిదాకా ఖాళీగా కూర్చోవచ్చు అన్న సంగతి ఒక్కటే బుర్రలో పడుతోంది. ఇరవై ఏళ్లకి పైగా చిన్న పిల్లలకి సంగీతం చెబుతున్నదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

అసలు విషయం ఆయన పదాలు చెక్కిన రాగిరేకుల మీదే ఉంది. అధ్యాత్మ సంకీర్తనల (భక్తి, వైరాగ్యాల పదాల) రేకు మొదట్లోనే, పదహారో ఏట స్వామి ప్రత్యక్షమైన సంవత్సరం క్రోధి అనీ, ఆయన చివరి తిథి దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి అనీ చెక్కి ఉంది. ఇప్పటి క్యాలెండరు లెక్కలో 1424 నుంచి 1503 దాకా, అంటే 78 ఏళ్ల పైచిలుకు. మనవడు చిన్నన్న రాసిన చరిత్ర ప్రకారం ఆయన చెప్పిన సంకీర్తనలు 32 వేలు. ఇప్పుడు భాగించి చూడండి. రోజుకొకటి చొప్పున వేసుకున్నా 28 వేల చిల్లరే అవుతుంది. 32 వేలు కావాలంటే వారానికి దాదాపు ఎనిమిది చెప్పాలి. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లయినా, ఊరు మారినా, రాజుగారితో గొడవైనా వారానికి ఎనిమిది. ఆ 32 వేలన్నది భక్తితో కాస్త పెంచి చెప్పిన అంకె అని ఎవరైనా అంటే అననివ్వండి, ఇప్పుడు మన చేతికి దక్కిన సుమారు 12 వేలనే తీసుకున్నా, అన్నేళ్ల పాటు రెండు మూడు రోజులకొకటి పడుతుంది. మనలో ఎవరం చేస్తాం చెప్పండి ఆ పని? సంకెళ్లు ఊడటం కంటే నాకు ఇదే పెద్ద మహిమలా కనిపిస్తుంది, దీని మీద మాత్రం ఒక్క వ్యాసం రాదు.

ఇంకో మాట, పెద్దలు కోప్పడకూడదు. ఆ 12 వేలూ ఒక్క స్థాయిలో ఉండవు. సంపుటాలు ముందేసుకుని వరసగా చదివితే ఒకే భావం, ఒకే పోలిక మళ్లీ మళ్లీ వస్తుంది, కొన్ని పదాలు, అంటే పాటలు, మామూలుగా ఉంటాయి, కొన్ని చప్పగా కూడా ఉంటాయి. కచేరీల్లో మనం పాడుకునేవి మహా అయితే కొన్ని వందలు. నాకైతే ఇది ఆయన మీద గౌరవం పెంచే విషయమే. బాగా రాలేదని ఆ రోజు మానేసి ఉంటే మర్నాటి మంచి పదం వచ్చేది కాదు. మా క్లాసులో పిల్లలకి ఈ సంగతి చెబితే ఎంత ధైర్యం వస్తుందో! మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడమంటే బోరు అంటారు, మాయామాళవగౌళ రాగం తప్ప ఇంకేం లేదా అంటారు, తల్లిదండ్రులేమో పోటీల నోటీసు చూపించి నెలలో స్టేజీ ఎక్కించండి అంటారు. మూడ్ లేదండీ అని పదేళ్ల పిల్ల చెబుతుంది, ఆ మాట ఎక్కడ నేర్చుకుందో! సాధకానికి మూడ్‌తో పనేముంది, శ్రుతి పెట్టి కూర్చుంటే అదే వస్తుంది, రాకపోయినా ఆ అరగంట వృథా కాదు.

మరి ఇందులో నమ్మకం పనేమిటి అని అడగవచ్చు. అలవాటు ఒక్కటే చాలదా? చాలదనే నా అనుభవం. అలవాటు కూర్చోబెడుతుంది గానీ, ఎవరి కోసం ఇదంతా అన్న ప్రశ్నకి జవాబు చెప్పదు, ఆ ప్రశ్న మాత్రం మూడో నెలకల్లా వచ్చేస్తుంది. వినేవాడు ఉన్నాడని నమ్మినవాడికి ఆ టెన్షన్ లేదు. అన్నమయ్యే ఒక పదంలో స్వామితో, మమ్మల్ని కాపాడటానికి ఒక్క సంకీర్తన చాలు, తక్కినవి నీ భాండారంలో దాచి ఉంచు అంటాడు. ఒక్కటి చాలని తనకే తెలిసి వేలు చెప్పిన మనిషికి లాభం లెక్క ఎక్కడుంటుంది? నిజంగానే భాండారంలోకి వెళ్లాయి అవి. కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించి పెడితే, తిరుమల గుడి ప్రాకారంలో చిన్న అరలో పడి వందల ఏళ్లు లోకానికి కనబడకుండా ఉండి, 1920ల్లో గానీ బయటి వెలుగు చూడలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి వాళ్లు కూర్చుని చదివి, విడదీసి, అచ్చుకి ఇచ్చారు. రేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు, ఇవాళ మనం వినే వరసలు చాలావరకు మన కాలం వాళ్లు కట్టినవే. అది కూడా రోజూ కూర్చుంటే తప్ప అయ్యే పని కాదు. ఇంకో పక్క మనం ఒక పాట పెట్టి గంటలో లైకులు రాకపోతే తీసేస్తున్నాం.

దేవుణ్ని నమ్మనివాళ్లు ఏమీ సృష్టించలేరని నేను అనను, అంటే అబద్ధమవుతుంది. ఆరుద్ర గారు వామపక్ష భావాల మనిషి, తెలుగు సాహిత్య చరిత్ర మొత్తాన్ని సంపుటాల కొద్దీ ఒంటి చేత్తో రాశారు, ఆయన నమ్మింది ఆయన నమ్మారు. నాకు కోపం వచ్చేది భక్తుల మీదే. దేవుడు రాయిస్తే రాస్తానండీ, ఆయన పలికిస్తే పలుకుతానండీ అంటూ ఏళ్ల తరబడి కలం ముట్టనివాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. భక్తి పేరుతో బద్ధకం!

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది, తెలుగులో తొలి కవయిత్రి అంటారు. ఆ ఇంట్లో ఆవిడకి ఏ వేళ తీరిక దొరికేదో ఎవరూ రాయలేదు. తాళ్లపాక వారికి, అంటే అన్నమయ్య ఇంటివాళ్లకి, గుడి నుంచి భూములూ ప్రసాదాలూ అందేవి, ఇంటి పని ఆవిడకి అందేది. తర్వాత కాలంలో తరిగొండ వెంగమాంబ, చిన్నప్పుడే భర్త పోయిన మనిషి, ఊరి మాటలు పడి, తిరుమల చేరి అక్కడే ఉండి కావ్యాలు రాసింది. రోజూ రాత్రి తిరుమలలో స్వామిని పవళింపజేసే ఏకాంత సేవలో తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి ఇప్పటికీ జరుగుతున్నాయి కదా, మీ విలేకరులు ఎవరైనా ఆ రెండింటి గురించి విడిగా, సంవత్సరాలూ వివరాలతో రాస్తే ఎంత బాగుంటుంది. సమయం లేదని నాతో చెప్పే అమ్మలకి నేను చెప్పేది ఒకటే. గంట దొరకదు, వదిలేయండి. పొద్దున దీపం పెట్టాక లేచిపోకుండా అక్కడే పది నిమిషాలు కూర్చోండి, ఫోను ఇంకో గదిలో పెట్టి. దీపం ఎలాగూ రోజూ పెడతారు కాబట్టి దానికి తగిలించిన పని కూడా రోజూ అవుతుంది. పాడేవాళ్లు పాడండి, రాసేవాళ్లు నాలుగు లైన్లు రాయండి, బాగున్నాయా లేవా అని ఆ పూటే చూసుకోవద్దు. మా దగ్గరికొచ్చే కొందరు ఇలాగే చేస్తున్నారు, వంట లేటయిందని ఇంట్లో గొణుగుడు మొదట్లో ఉంటుంది, తర్వాత వాళ్లకీ అలవాటవుతుంది.

చివరగా మీకో విన్నపం. జయంతికి ఒక పేజీ, వర్ధంతికి ఒక పేజీ ఇచ్చే బదులు, రోజూ ఒక మూల ఒక్క పదం వేయండి. అందరికీ తెలిసిన పాటలు వద్దు, వాటికి పాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ పాడనిది ఒకటి తీసుకుని, రేకు మీద ఉన్న రాగం పేరు, కఠినమైన మాటలకి అర్థం ఇస్తే చాలు, పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. చప్పగా ఉన్నవి కూడా వేయండి, దాచకండి. ఉన్న 12 వేలూ రోజుకొకటి చొప్పున అయిపోవడానికి మీకు ముప్పై రెండేళ్ల పైనే పడుతుంది, స్టాకు గురించి బెంగ లేదు.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
రాజంపేట