బోర్డులు విప్పి చూడకుండా ఇక డెక్ కొటేషన్ ఇవ్వం

గండిపేట, శామీర్‌పేట, అమీన్‌పూర్ వైపు చెరువు కనిపించే ఇళ్ళలో డెక్ (బోర్డులు పరిచిన ఆరుబయట బాల్కనీ) మరమ్మతు కోసం మమ్మల్ని సంప్రదిస్తున్న అందరికీ నమస్కారం. "ఫొటో పెట్టాం, కొత్త బోర్డులకు చదరపు అడుగు ఎంత?" అని వచ్చే మెసేజీలకు ఇకపై నేరుగా రేటు పంపం. ముందు మూడు చోట్ల బోర్డులు విప్పుతాం: ఇంటి గోడ పక్కన, మధ్యలో, బయటి అంచున. కింద ఏముందో చూసి, కొలిచి, ఫొటోలతో రిపోర్టు ఇస్తాం. దానికి విడిగా చార్జీ ఉంటుంది. పని మాకిస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం, ఇవ్వకపోయినా రిపోర్టు మీదే. దాన్ని వేరే కాంట్రాక్టరుకు చూపించుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు.

ఎందుకంటే, బోర్డు పాడైతే చీలుతుంది, వంకర పోతుంది, రంగు వెలుస్తుంది, చెక్కదైతే చెదలు పడుతుంది. డెక్ ఒకచోట దిగింది, నడిస్తే ఊగుతోంది, గోడ దగ్గర సందు పెరిగింది అంటే మాత్రం తప్పు బోర్డుది కావడం చాలా అరుదు. అది కింద ఉన్న ఫ్రేముదో, శ్లాబుదో, పునాదిదో అయి ఉంటుంది. దాన్ని వదిలేసి పైన కొత్త బోర్డులు వేస్తే మళ్ళీ అక్కడే దిగుతుంది, అప్పుడు విప్పాల్సింది మీ కొత్త బోర్డుల్నే. లోపలి సంగతి తెలియకుండా చదరపు అడుగుకి ఇంత అని చెప్పడం పందెం కాయడమే, పైగా మీ డబ్బుతో.

మన దగ్గర డెక్‌లు ఎక్కువగా రెండు రకాలు. కింద పోస్టులు లేకుండా గోడ దాటి బయటికి వచ్చిన కాంటిలివర్ శ్లాబు మీద బోర్డులు పరిచినవి ఒకటి. ఒకవైపు ఇంటికి బిగించి, రెండోవైపు పోస్టుల మీద నిలబెట్టిన ఇనుప బాక్సు పైపుల ఫ్రేమువి ఇంకొకటి. భయపడాల్సింది మొదటిదాని గురించి, అందుకే దాని సంగతే ఎక్కువ రాస్తున్నాం.

గదుల మీది శ్లాబుకు ప్రధాన చువ్వలు కింది వైపు ఉంటాయి. కాంటిలివర్‌కు పైవైపు ఉండాలి, ఎందుకంటే బరువు పడితే అది పైనుంచే చీలుతుంది. స్లాబు పోసే రోజు తట్టలు మోసేవాళ్ళు ఆ పై చువ్వల మీదే నడుస్తారు. వాటి కింద చెయిర్లు (చువ్వను ఎత్తులో నిలిపే ఇనుప ముక్కలు) సరిగా పెట్టకపోతే చువ్వ అంగుళం, అంగుళంన్నర కిందికి దిగిపోతుంది. 5 అంగుళాల శ్లాబులో చువ్వ అంగుళంన్నర దిగిందంటే మోసే శక్తిలో మూడో వంతుకు పైగా పోయినట్టే. అది సెంట్రింగ్ విప్పాక ఎవరికీ కనిపించదు. కొన్నేళ్ళకు గోడ పక్కనే, గోడకు సమాంతరంగా, పైభాగంలో సన్నని పగులు వస్తుంది. దాని మీద మీ బోర్డులుంటాయి. వాన నీళ్ళు, కడిగిన నీళ్ళు ఆ పగుల్లోంచి సరిగ్గా ప్రధాన చువ్వ మీదికే దిగుతాయి. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పగులును ఇంకా తెరుస్తుంది.

"కింద పెచ్చులేమీ ఊడటం లేదండీ, శ్లాబు బాగానే ఉంది" అనే మాట తరచూ వింటాం. కాంటిలివర్ విషయంలో ఆ ధైర్యం పనికిరాదు. కింద మీకు కనిపించేది మహా అయితే కొంచెం చెమ్మ, గోడ మొదట్లో తెల్లటి ఉప్పు చార. ఇది మెల్లగా వంగి హెచ్చరించే రకం కాదు, గోడ దగ్గర తెగితే మొత్తంగా పడిపోయే రకం. అందుకే గోడ పక్కన పగులు కనిపించిందంటే కొటేషన్ కంటే ముందు డెక్ మీదికి, కిందికి రాకపోకలు ఆపేయమంటాం, కుండీలు దింపిస్తాం, జాకీలు (తాత్కాలిక ఇనుప ఆధారాలు) నిలబెడతాం. జాకీ కింద మట్టి ఉంటే చెక్క దిమ్మలు పరిచి నిలబెట్టాలి. శ్లాబును ఆనుకునేంత బిగిస్తే చాలు, పైకి లేపబోతే ఉన్న పగులు కాస్తా పెద్దదవుతుంది. కింద సెల్లార్ ఉంటే దాని శ్లాబు కింద కూడా జాకీలు పడాలి.

పరీక్ష పెద్ద యంత్రాలతో మొదలవ్వదు. సుత్తితో తట్టితే డొల్ల శబ్దం ఎక్కడుందో తెలుస్తుంది. కొత్తగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే గులాబీ రంగు వచ్చిన చోట కాంక్రీటు ఇంకా చువ్వను కాపాడుతున్నట్టు, రంగు రాని చోట ఆ రక్షణ పోయినట్టు. చువ్వను శుభ్రం చేసి వెర్నియర్‌తో కొలుస్తాం. 10 మి.మీ. చువ్వ 8.5కి వచ్చిందంటే తగ్గింది ఒకటిన్నర మిల్లీమీటరేగా అనిపిస్తుంది, కానీ లెక్కలోకి వచ్చే వైశాల్యంలో 28 శాతం పోయింది. పాతిక శాతం దాటితే పాత చువ్వను నమ్ముకోం, పక్కన కొత్తది వేస్తాం.

ఇక్కడే చాలామందితో మాట తేడా వస్తుంది. కాంటిలివర్ చువ్వ బయట ఎంత పొడవుంటే లోపలి శ్లాబులోకి దాదాపు దానికి ఒకటిన్నర రెట్లు వెళ్ళాలన్నది సాధారణ లెక్క. బయట 4 అడుగులుంటే లోపల 6 అడుగులు. అంటే హాల్లో మార్బుల్ లేపాల్సి రావచ్చు. "లోపల ముట్టుకోవద్దు, బయటే చేయండి" అంటే గోడ మొహాన రంధ్రాలు పెట్టి కొత్త చువ్వలు అతికించి సరిపెట్టే పని మేం చేయం. మార్బుల్ వదులుకోలేకపోతే ఇంకో దారి ఉంది: బయటి అంచు కింద ఇనుప బీము, పోస్టులు ఇవ్వడం. అయితే అంచున ఆధారం రాగానే శ్లాబు వంగే తీరు మారిపోతుంది, అప్పుడు కింది వైపు చువ్వ కావాలి, కాంటిలివర్‌లో కింద ఉండేది నామమాత్రమే. కాబట్టి అంచున ఒక్క బీముతో సరిపోదు, మధ్యలో కూడా ఇవ్వాలి. ఎన్ని, ఏ సైజు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగులోనే ఉండాలి. ఆ ఫీజు మీ ఖర్చే, దాన్ని తప్పించే మార్గం అడగొద్దు.

చిప్పింగ్‌లో చువ్వ కనిపించగానే ఆగకూడదు. దాని వెనక కూడా 20, 25 మి.మీ. ఖాళీ రావాలి, వేలు దూరాలి. వెనక పాత కాంక్రీటు వదిలేసి ముందు మాత్రం పూత పూస్తే వెనక తుప్పు నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత వైరు బ్రష్‌తో మెరిసేదాకా శుభ్రం చేసి జింక్ ప్రైమర్, బాండింగ్ కోటు, అది ఆరిపోకముందే పాలిమర్ మోర్టారు. చేత్తో వేసేటప్పుడు ఒక్కో పొర 10 నుంచి 15 మి.మీ. దాటకూడదు. లోతు 50 మి.మీ. దాటితే మోర్టారు వద్దు, షట్టరింగ్ కట్టి మైక్రో కాంక్రీటు (జారుగా పోసే సన్నరకం కాంక్రీటు) పోయాలి. ఉత్త సిమెంటు ఇసుక కలిపి మూసేసిన ప్యాచ్‌లు ఎన్నో విప్పుతున్నాం, చేయి పెడితే ఊడి వస్తున్నాయి.

క్యూరింగు విషయంలో బేరం లేదు. మామూలుగా 7 రోజులు, ఎండాకాలంలో 10, ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు 14. జాకీలు తీసేటప్పుడు బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. గోడ పక్కవి ముందు తీస్తే బరువు మధ్యలో పడి శ్లాబు తప్పుగా వంగుతుంది.

వాటర్‌ప్రూఫింగ్ మీద ఒక్క స్క్రూ కూడా దిగకూడదు. మంచి కోటింగు వేసి, దాని మీదే జాయిస్టులను (బోర్డులను మోసే అడ్డ పట్టీలను) డ్రిల్ చేసి బిగించేవాళ్ళున్నారు. అన్ని రంధ్రాలు పెట్టాక ఇక కోటింగ్ ఎందుకు? 100కి 1 వాలు ఇచ్చి, కోటింగు గోడ మీదికి 150 మి.మీ. ఎక్కించి, 48 గంటలు నీళ్ళు నిలబెట్టి చూపించాకే ఫ్రేము పెడతాం, అది కూడా ఎత్తు సర్దుకునే పెడెస్టల్స్ (పొట్టి స్టాండ్లు) మీద. నీళ్ళు పోయే పైపు నోటి దగ్గర ఒక బోర్డు విప్పడానికి వీలుగా ఉంచుతాం. ఆకులు అడ్డం పడేది అక్కడే.

ఇనుప ఫ్రేము డెక్‌ల విషయానికొస్తే, ముందు చూసేది లెడ్జర్‌ని, అంటే ఫ్రేములో ఇంటికి బిగించిన అడ్డ పైపుని. అది ఆర్‌సీసీ బీములో దిగిందా, ఇటుక గోడలోనా? ఏఏసీ బ్లాకు (తేలికపాటి, గుల్ల కాంక్రీటు ఇటుక) గోడలో మామూలు యాంకర్ బోల్టులు దింపి డెక్ మొత్తం వేలాడదీసిన చోట్లు కనిపిస్తున్నాయి. అక్కడ మరమ్మతు అనే మాటే లేదు, గోడ పక్కన కూడా పోస్టులు వేసి డెక్‌ను ఇంటి నుంచి విడదీయడమే. ఆర్‌సీసీ బీములోనైతే 12 మి.మీ. కెమికల్ యాంకర్ (రసాయన జిగురుతో అతికే బోల్టు), 14 మి.మీ. రంధ్రం, 110 మి.మీ. లోతు. రంధ్రాన్ని ఊది, బ్రష్ తిప్పి, మళ్ళీ ఊదాలి. దుమ్ము మీద కెమికల్ ఎక్కిస్తే అది దుమ్మునే పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు.

బాక్సు పైపు పైన బాగా కనిపిస్తూ లోపలి నుంచి కుళ్ళుతుంది. మూత వెల్డింగ్ చేయని చివర నుంచి నీళ్ళు లోపలికి పోయి పోస్టు అడుగున నిలుస్తాయి. సుత్తితో తట్టి చూడాల్సింది నేల నుంచి మొదటి అడుగు ఎత్తులో. కొత్త ఫ్రేముకు ప్రతి చివరా మూత, ప్రతి పోస్టు అడుగున 8 లేక 10 మి.మీ. నీటి రంధ్రం పెడతాం. పోస్టును కాంక్రీటులో పాతిపెట్టం, సరిగ్గా కాంక్రీటు పైగీత దగ్గరే తుప్పు తింటుంది. నేల కంటే 150 మి.మీ. ఎత్తు కాంక్రీటు దిమ్మ, దాని మీద 200×200×12 బేస్ ప్లేటు, నాలుగు బోల్టులు, కింద నాన్ ష్రింక్ గ్రౌట్. మొత్తం ఫ్యాబ్రికేషన్ అయ్యాకే హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకులో ముంచడానికి) పంపుతాం. సైటులో వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు కాలిపోతుంది, అందుకే సైటులో జాయింట్లన్నీ బోల్టులే. ఇందువల్ల ఖర్చు, సమయం రెండూ పెరుగుతాయి. చెరువులో మురుగు కలిసే వైపు ఇళ్ళకు ఇది ఇంకా అవసరం. అక్కడ ఏసీల రాగి కాయిల్సే నల్లబడి లీకవుతున్నాయి, మామూలు రెడాక్సైడ్ పూత ఏం ఆగుతుంది?

పునాది గురించి. హైదరాబాద్‌లో మొరం త్వరగా తగలడం మన అదృష్టం, కానీ చెరువు పక్క ప్లాట్లలో ఆ అదృష్టాన్ని ఊహించుకోకూడదు. చాలాచోట్ల పైన నాలుగైదు అడుగులు కూల్చిన ఇళ్ళ శిథిలాలతో పూడ్చిన నేల, దాని కింద చెరువు మట్టి. ఇంటి పునాది మొరం మీద, డెక్ పోస్టు పూడ్చిన మట్టి మీద ఉంటే ఇల్లు కదలదు, డెక్ మాత్రం దిగుతుంది, గోడ దగ్గర సందు అందుకే. ప్రతి పోస్టు దగ్గరా అసలు నేల తగిలేదాకా తవ్వుతాం. లోతు ఎంతన్నది ముందే చెప్పలేం కాబట్టి తవ్వకం, కాంక్రీటు కొటేషన్‌లో అడుగు లెక్కన ఉంటాయి. శంకర్‌పల్లి, పటాన్‌చెరు వైపు నల్లరేగడి తగిలితే మామూలు ఫుటింగ్ వానాకాలంలో లేస్తుంది, ఎండాకాలంలో దిగుతుంది. అక్కడ సుమారు మూడున్నర మీటర్ల అండర్ రీమ్డ్ పైల్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభం) వేస్తాం.

బరువు లెక్క ఒకటి గుర్తుంచుకోండి. ఇళ్ళ బాల్కనీలకు భారత ప్రమాణం ఐఎస్ 875 చెప్పే కనీస లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 300 కిలోలు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు తొట్టిలో తడిమట్టి నింపితే 450 కిలోలు. అంటే అర చదరపు మీటరు చోటులో, చదరపు మీటరున్నరకు సరిపడే బరువు. అలాంటివి అంచు వెంబడి వరుసగా పెడతామంటే డ్రాయింగు గీయకముందే చెప్పండి. ఉయ్యాల సంగతీ అంతే.

బోర్డుల గురించి క్లుప్తంగా: డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది) అయితే జాయిస్టుల మధ్య 300 మి.మీ. దాటకూడదు, బోర్డుల మధ్య 5 మి.మీ. సందు. 2.9 మీటర్ల బోర్డు చలికాలం పొద్దున్నకీ మే మధ్యాహ్నానికీ 5, 6 మి.మీ. సాగుతుంది, చివర్లలో ఆ చోటు వదలకపోతే విల్లులా లేస్తుంది. ముదురు రంగు వద్దని మా సలహా, మేలో చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. డబ్ల్యూపీసీతోనే జాయిస్టులు కూడా వేయమని అడగొద్దు, అది బరువు మోసే సరుకు కాదు. టేకు, సాల్ అయితే 304 స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడాలి. మామూలు ఇనుప స్క్రూ చుట్టూ చెక్క నల్లబడుతుంది.

కాగితాల సంగతి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన చోటు. డెక్ పోస్టు ఒక్కటి ఆ బఫర్ లోపల పడినా మేం పని తీసుకోం, "పాతదాని చోటులోనే కదా" అన్నా సరే. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో మీ చెరువు మ్యాపు చూడండి, అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది కూడా చూడండి. గండిపేట, హిమాయత్‌సాగర్ పరిధిలోనైతే అక్కడి నిర్మాణాలకు పరిమితులు పెట్టిన 1996 నాటి జీవో 111, తర్వాత వచ్చిన మార్పులు కూడా మీ లాయరుతో సరిచూసుకోవాలి. 2024లో చెరువు ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ ప్రశ్న ముందే అడుగుతున్నవాళ్ళు పెరిగారు, మంచిదే.

తేదీల గురించి: జూన్ నుంచి సెప్టెంబరు దాకా పునాది తవ్వకాలు, వాటర్‌ప్రూఫింగ్ మొదలుపెట్టం. వానలు వెనక్కి పోయినా చెరువు నిండుగా ఉన్నన్నాళ్ళు గుంటలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, కాబట్టి లోతు పునాదులకు ఫిబ్రవరి నుంచి మే వరకే తేదీలిస్తాం. వానాకాలంలో తనిఖీలు, జాకీలు పెట్టడం, ఫ్యాక్టరీలో ఫ్రేము తయారీ మాత్రం నడుస్తాయి. శ్లాబు పగుళ్ళున్న ఇళ్ళకు వరుసతో పని లేదు, జాకీలు వెంటనే పెడతాం.

మెసేజీ పెట్టేటప్పుడు పైనుంచి అందంగా తీసిన ఫొటో అవసరం లేదు. డెక్ గోడకు ఆనుకున్న చోటు, శ్లాబు అడుగు భాగం, పోస్టు అడుగున నేల కనిపించేలా ఒకటి, నీళ్ళు పోయే పైపు నోరు, ఈ నాలుగూ పంపండి. ఇంటి స్ట్రక్చరల్ డ్రాయింగు బిల్డరు దగ్గర దొరికితే దాని ఫొటో కూడా జత చేయండి.