మంత్రి గారూ, నాటకాన్ని మా చెరువు కట్ట దాకా రానివ్వండి

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా అనంతపురం పల్లెల్లో వాన మొహం చాటేస్తే విరాటపర్వం చదివించేవాళ్ళు. కొన్ని ఊళ్ళలో తోలుబొమ్మలాట వాళ్ళను పిలిపించి ఆ కథే ఆడించేవాళ్ళు. రాత్రి బువ్వ తిని కూర్చుంటే ఆట ముగిసేసరికి తెల్లవారేది. ఆ తెల్లారి వాన వచ్చిందో లేదో మా నాయనకు గుర్తు లేదు. ఊరు ఊరంతా ఒక్క చోట కూర్చుందన్నది మాత్రం బాగా గుర్తు.

వాన కోసం ఆట ఆడించుకున్న ఈ ఊళ్ళకు ఇప్పుడు ఇంకో ఆట కావాలి సార్. నేలలో నీళ్ళు ఏమయ్యాయి, ఎవరు తోడేశారు అని అడిగే ఆట. దాని కోసమే ఈ ఉత్తరం.

ఇక్కడ వాన తక్కువన్నది పాత సంగతే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర. ఆ కాస్త వాననే పట్టి పెట్టుకోవడానికి పెద్దలు ఊరూరా చెరువులు తవ్వించారు. మనం వచ్చి వాటిని పూడిపోనిచ్చాం. వాగుల్లో ఇసుక ఎత్తేశాం. కొర్రలు, జొన్నలు వదిలేసి లక్షల ఎకరాల్లో వేరుశనగ ఒక్కటే వేశాం. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలుగా పడుతోంది. మా హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) నీళ్ళిచ్చే తుంగభద్ర డ్యాములో మొదట 133 టీఎంసీలు పట్టేవి, పూడిక పేరుకుని ఇప్పుడు 105 చిల్లర పడుతున్నాయి. ఇవన్నీ పేపర్లో వచ్చినవే. చదువుతాం, పేపరు మడిచి పక్కన పెడతాం.

నాటకాన్ని అలా మడిచి పెట్టలేం. నేను కళ్ళారా చూసింది చెబుతాను.

పోయిన ఎండాకాలం కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్ళో, రామాలయం ముందు, మా బృందం బోరు మీద నాటకం ఆడింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు ఎక్కడ పడతాయో పాయింట్ చూసే మనిషి, రైతు, ఆయన భార్య, బోరు బండి. బండి అంటే రెండు వెదురు బొంగులు, ఒక పాత సైకిలు చక్రం. ఒకడు అడుగులు లెక్క పెడతాడు. నూరు, రెండు నూర్లు, మూడు నూర్లు. పిల్లలు కూడా గొంతు కలిపారు. నాలుగు నూర్లు దాటాక పెద్దవాళ్ళ గొంతులు ఆగిపోయాయి. ఆరు నూర్లకు పిల్లలూ ఆగిపోయారు. మా వాడు గుప్పెడు ముగ్గుపిండి గాల్లోకి ఊదాడు. నీళ్ళు పడలేదని అర్థం.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒకామె లేచింది. "బోరు పొడి అట్లుండదు నాయనా" అంది. "అంత తెలుపుండదు. బూడిద రంగులో ఉంటాది. పైటకొంగు అడ్డం పెట్టుకున్నా ముక్కులోకి పోతాది." అంటూనే గుడి మెట్ల దాకా వచ్చి, రైతు భార్య వేషం వేసిన పిల్లను భుజం పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిపింది. "బండి దగ్గర మమ్మల్ని నిలబడనీరు, దూరంగా ఉండి చూడాల" అంది. మేం నెల రోజులు రిహార్సల్ చేసిన సీను ఆమె ఒక్క నిమిషంలో సరిచేసింది.

దాని తర్వాత జరిగిందే అసలు సంగతి. వెనక నిలబడ్డ ఒక పెద్దాయన పక్క పొలం రైతును పేరు పెట్టి పిలిచి, "నువ్వు ఏడు నూర్లకు పోయినాక నా బోరు ఎండింది, ఏనాడైనా అడిగితినా నిన్ను?" అన్నాడు. కొట్లాట అవుతుందేమోనని మాకు ఒకటే టెన్షన్. కాలేదు. ఆ ఇద్దరూ, వాళ్ళ చుట్టూ ఊరూ, రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నారు. బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచీ ఉంది. ఒకరి బోరుతో ఇంకొకరి బోరు ఎండిందన్న మాట మాత్రం ఆ ఊళ్ళో ఆ రాత్రే మొదటిసారి బయటికి వచ్చిందని అక్కడి వాళ్ళే చెప్పారు.

ప్రేక్షకుడు లేచి వచ్చి కథను మార్చే ఈ పద్ధతిని బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ 1970లలో తీర్చిదిద్దాడు. బెంగాల్ పల్లెల్లో జన సంస్కృతి అనే బృందం ఏళ్ళ తరబడి ఆ దారిలోనే ఆడుతోంది. మనకూ ఇది మరీ కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క అనే నవ్వించే బొమ్మలు దూరి ఊళ్ళో సంగతులన్నీ ఏకరువు పెట్టేవాళ్ళు కదా. ఆ బొమ్మలు చేసే నిమ్మలకుంట ధర్మవరం పక్కనే ఉంది. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. అయినా అక్కడి చేతులు ఈ రోజు ఎక్కువగా లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నాయి. ఆ కళాకారులకు బోరు బండి బొమ్మ, పూడిన చెరువు బొమ్మ, ఇసుక ట్రాక్టరు బొమ్మ చేయమని మీ శాఖ ఆర్డర్ ఇస్తే ఎంత బాగుంటుంది! కేతిగాడి చేత ఈ కాలం ప్రశ్నలు అడిగించవచ్చు.

నంది నాటకోత్సవాలకు ఎంపికైన బృందాలను కరువు మండలాల్లో కొన్ని రోజులైనా ఆడమని అడగండి. బస్సు ఖర్చు, భోజనం, ఒక జనరేటరు ఇస్తే చాలు. ఆడిటోరియంలో నాటకం చూసేవాళ్ళకు ఎక్కువగా నాటకం గురించే తెలుసు. పొలం గురించి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు.

ఒక్క మనవి మాత్రం గట్టిగా చేస్తున్నాను. మాకు నినాదాలు రాసి పంపకండి. ఫలానా పథకం పేరు మూడు సార్లు చెప్పాలి, చివర్లో రైతు నవ్వాలి అంటే జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు. కళాజాతాలు ఎన్ని చూశాం! రైతును దోషిగా నిలబెట్టే నాటకం కూడా వద్దు. ఆ ఊళ్ళో ఏడు నూర్ల అడుగులకు పోయిన మనిషికీ అప్పుంది, పెళ్ళి కావలసిన కూతురుంది. ఆయన ఎందుకు పోయాడో కూడా నాటకం చెప్పాలి.

కథ మంగళంతోనే ముగియాలన్న రోజుల్లో మా ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తెలుగులో తొలి విషాదాంత నాటకం రాశారని పేరు. ఆ గడ్డ మీద పుట్టిన మేం చివరి సీనులో నీళ్ళు పడ్డట్టు అబద్ధం ఆడలేం. నీళ్ళు పడేలా చేయమని పిల్లలు అడిగారు, నిజమే. పడాలంటే ఊరు ఏం చేయాలో మీరే వచ్చి ఆడి చూపించండి అన్నాం. ఇద్దరు పిల్లలు వచ్చి చెరువులోకి వచ్చే కాలువకు అడ్డం ఉన్న కంపచెట్లు కొట్టేసినట్టు నటించారు. నిజం కంపచెట్లు అక్కడికి ఫర్లాంగు దూరంలో ఉన్నాయి.

వచ్చే ఎండాకాలం మళ్ళీ ఆడతాం. మీరు రండి సార్, ముందు వరసలో కుర్చీ వేయించుకోకుండా జనంలో కూర్చోండి. ఆ రాత్రి మేం సామాన్లు సర్దుకుంటుంటే, పొడి రంగు సరిచేసిన ఆమె తన పొలంలో ఫెయిలైన బోరు పక్కన గట్టిపడిన పొడిని దంచి, యూరియా సంచిలో పోసి తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు ముగ్గుపిండి మానేసి అదే వాడుతున్నాం. ఇంకో పది ఆటలకు సరిపోతుంది.

ఇట్లు,
ఒక నాటక కార్యకర్త,
అనంతపురం