కేదార్‌నాథ్ హెలికాప్టర్ల గురించి పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మే నెలలో అమ్మను కేదార్‌నాథ్ తీసుకెళ్లాను. పైన అప్పుడే మంచు కురిసి ఆగింది. హెలికాప్టర్ దిగుతుంటే రెక్కల గాలికి పొడి మంచంతా లేచి, కాసేపు హెలికాప్టరే కనపడలేదు. మరి పైలట్‌కి నేల కనపడిందా? అమ్మ దండం పెట్టుకుంది, నాకు టెన్షన్.

2022 అక్టోబర్ 18న, 2025 జూన్ 15న ఈ దారిలోనే హెలికాప్టర్ కూలి ఏడుగురు చొప్పున చనిపోయారు. రెండుసార్లూ మబ్బు, పొగమంచు మాటే విన్నాం. చలి సున్నాకి దిగువనున్నప్పుడు మబ్బులో దూరితే రెక్కలకు మంచు పేరుకుంటుంది, పైకి లేపే బలం తగ్గిపోతుంది. చిన్న ఒంటి ఇంజన్ హెలికాప్టర్లలో ఆ మంచును కరిగించే ఏర్పాటు సాధారణంగా ఉండదు.

అందుకే, దిగే చోట మంచును ఎత్తేయించండి, లేదా గట్టిగా తొక్కించండి. పైలట్ “ఈరోజు కుదరదు” అంటే ఆ రోజు జీతం కోయకూడదని రాతపూర్వకంగా ఆదేశించండి. మా టికెట్ డబ్బులు తర్వాత చూసుకుంటాం.

ఇట్లు,
ఒక యాత్రికుడు, విజయవాడ