మా ఆవు ఎప్పుడు ఈనుతుందో మీ శాఖకు ముందే తెలుసు

రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్ బోడుప్పల్‌లో మాకు 3 జెర్సీ సంకర ఆవులున్నాయి. ఇంటి వెనకే కొట్టం. చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసుకుని బతుకుతున్నాం.

పోయిన నెల ఒక రాత్రి ఒంటిగంట దాటాక మా గౌరి ఈనింది. కోడెదూడ. తల్లి నాకి శుభ్రం చేసింది, దూడ చెవులాడించి లేవబోయింది. అప్పుడు చూశాం, ముందుకాళ్లు రెండూ గిట్టపై కీలు దగ్గర లోపలికి మడుచుకుపోయి ఉన్నాయి. గిట్ట నేలకు ఆనడం లేదు. ఆ కీలు మీదే బరువంతా మోపి లేవబోయి బోర్లా పడింది. కింద షాబాద్ బండలు, వాటి మీద ఉమ్మనీరు. ఎన్నిసార్లు లేచిందో అన్నిసార్లూ పడింది.

పశువైద్యశాలలో పనిచేసే ఒకాయన నంబరుంటే ఫోన్ చేశాం. "కోడెదూడే కదమ్మా, ఎందుకంత టెన్షన్? పొద్దున చూద్దాం" అని పెట్టేశాడు. ఆయన లెక్క నాకు తెలియంది కాదు. సిటీలో కోడెను పెంచి అరక కడతామా? కానీ దూడ పక్కన లేకపోతే గౌరి పాలు చేపదు. అదీకాక, కళ్లముందు అది పడుతూ లేస్తూ ఉంటే లెక్కలు గుర్తురావు. పశువుల అంబులెన్స్‌ను పిలిచే 1962 నంబరు కూడా ఆ గాభరాలో గుర్తురాలేదు. అది మా తప్పే.

పక్కింటి పెద్దాయన వెదురు బద్దలు పెట్టి, చీర పేలికలతో గట్టిగా బిగించి కట్టాడు. మంచికే చేశాడు. తెల్లారేసరికి కట్టు దగ్గర కాలు ఉబ్బి, గిట్ట చల్లబడింది. మాయ పడేదాకా ముర్రుపాలు తాపొద్దని మా అత్తమ్మ పట్టు. నిలబడలేని దూడకు పొదుగెలాగూ అందదు. మాయ పడేసరికి 5 అయింది. అప్పుడు సీసాతో పట్టాం.

పొద్దున వచ్చిన డాక్టరమ్మ ముందు ఆ కట్టు కోసి పారేసింది. కాలును చేత్తో మెల్లగా సాగదీసింది. "నిటారుగా వస్తోంది, అదృష్టం" అంది. కడుపులో ఉండగానే కాలి వెనక స్నాయువులు (మేం నరాలనే అంటాం) కురచబడితే ఇలా అవుతుందట. దూడ పెద్దదై లోపల చోటు చాలకపోయినా అవుతుందట. పీవీసీ పైపు ముక్కను నిలువునా చీల్చి, అంచులు గీరుకోకుండా లోపల మందంగా దూది పరిచి, కాలికి ఆనించి బ్యాండేజీ చుట్టింది. రోజూ విప్పి, పుండు పడిందేమో చూసి, కాసేపు నడిపించి మళ్లీ కట్టమంది. ఆక్సీటెట్రాసైక్లిన్ సూది ఒకటి వేసింది. దాంతో స్నాయువులు కొంత వదులవుతాయట. మోతాదు పెద్దది, మూత్రపిండాలకు ప్రమాదం, మీరెప్పుడూ సొంతంగా వేయించొద్దని గట్టిగా చెప్పింది. బండల మీద ఇసుక పోసి గోనెసంచులు పరిచాం. 9వ రోజున మావాడు కట్టు లేకుండా నిలబడ్డాడు.

కాళ్ల గురించి కన్నా పాల గురించే ఆమె చేత ఎక్కువ తిట్లు తిన్నాం. పుట్టిన దూడకు రోగాన్ని ఆపే శక్తి ముర్రుపాల నుంచే రావాలి. దూడ పేగు దాన్ని బాగా పీల్చుకునేది మొదటి కొన్ని గంటలే. ఒక రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. 30 కిలోల దూడకు 3 లీటర్లు పట్టాలట, అదీ మాయ కోసం ఆగకుండా. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టకపోతే క్రిములు అక్కణ్నుంచి లోపలికెక్కి కీళ్లలో చేరతాయట. ఆ మాట వినగానే నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం. రెండేళ్ల కింద మా ఇంకో దూడ మోకాళ్లు వాచి, ముట్టుకుంటే కాలిపోతూ, వారంలో పోయింది. దిష్టి అనుకుని నిమ్మకాయలు కట్టాం.

నారాయణగూడలో పెద్ద పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. కాదనను. కానీ అర్ధరాత్రి తడి ఆరని దూడను ట్రాలీ ఆటోలో వేసుకుని, మాయ పడని తల్లిని వదిలి ఎవరు పోతారు? మాకు ఆ రాత్రి కావాల్సింది ఆసుపత్రి కూడా కాదు. అలా బిగించి కట్టొద్దు, పాలు పట్టు అని చెప్పే మనిషి.

గౌరి చెవికి 12 అంకెల పసుపు బిళ్ల ఉంది. చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేసిన రోజు ఆ నంబరు ఫోన్‌లో కొట్టి, తేదీ ఎక్కించుకున్నారు. ఆవు మోసేది 280 రోజులు, కొంచెం అటూ ఇటూ. అంటే అది ఏ వారంలో ఈనుతుందో మీ దగ్గర రాసే ఉంది. తొమ్మిదో నెల రాగానే ఆ ఇంటికి ఒక ఫోన్ రానివ్వండి. మెసేజ్ కాదు సార్, మా అత్తమ్మలాంటి వాళ్లు చదవలేరు, మాట వినిపించాలి. పాతబస్తీ తబేలాల వాళ్లకు ఉర్దూలో వినిపించాలి. ముర్రుపాలు, అయోడిన్, కాలు వంకరుంటే ఏం చేయకూడదు, 1962. రెండు నిమిషాలు చాలు. ఆ రాత్రి 1962కి చేస్తే బండి పొద్దున వచ్చినా ఫర్వాలేదు, ఒక డాక్టరు లైన్‌లోకి రావాలి. మా దగ్గరి పశువైద్యశాలలో చీల్చిన పైపు ముక్కలు, దూది, అయోడిన్ సీసాలు ఎప్పుడూ ఉండాలి. వీటికి కోట్ల బడ్జెట్ అక్కర్లేదు.

మా రెండో ఆవు లక్ష్మి సంక్రాంతి వెళ్లిన వారానికి ఈనాలి. తేదీ నేను క్యాలెండర్ మీద చుట్టి పెట్టుకున్నాను. మీ దగ్గరా ఉంది.

ఇట్లు,
బోడుప్పల్ నుంచి ఒక పాడిరైతు