మూడో ప్రతివాదిని చెరిపేశానురా

హైదరాబాద్,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ బుడంకాయ్,

నీ రెండు ఉత్తరాలూ నా టేబుల్ మీదే ఉన్నాయి. జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాలు ఇప్పుడు ఫర్వాలేదు, కర్ర లేకుండా గుడి దాకా వెళ్లొస్తోంది. ఇంటద్దె పెంచారు. మీ చెల్లెలికి నీ మీద ఇంకా కోపం తగ్గలేదు, ఎందుకో నీకు తెలుసు (నీలం బకెట్). వార్తలు అయిపోయాయి. అసలు సంగతి నీకు చెప్తే గానీ నాకు అన్నం సహించదు.

బుధవారం నాడు నేను చచ్చిపోయిన మనిషిని మళ్లీ చంపాను.

నవ్వకు. మామయ్య లాయరు ఆఫీసుకి డేటాబేస్ కడుతున్నానని పోయినసారి రాశాను కదా. ఆఫీసంటే ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సుల మధ్య, మేడ మీద రెండు గదులు. కొంచెం నడిస్తే పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు, ఇటు తిరిగితే మూసీ ఒడ్డున హైకోర్టు. నాలుగు వందల పైచిలుకు కేసులు, అన్నీ ఒక ఎక్సెల్ షీట్లో. కేసుకి ఒక వరస, అందులో 'తర్వాతి వాయిదా' అని ఒక గడి. కొత్త తేదీ రాగానే పాతది చెరిపి కొత్తది రాయడమే. మరి ఎదుటి పక్షం ఎన్నిసార్లు వాయిదా అడిగిందో జడ్జిగారికి చెప్పాల్సొస్తే? గుమాస్తా తాత బీరువాలోంచి పాత డైరీలు దించాలి. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. మన హాస్టల్ వార్డెన్‌లాగే ఉంటాడు, కాకపోతే ఈయనకు మనసుంది.

నేను వెళ్లిన మొదటి వారమే తాత చేతిలో తన్నులు తిన్నాను. కేసు నంబరునే ప్రైమరీ కీ, అంటే ప్రతి వరసనీ విడిగా గుర్తుపట్టే సంఖ్య, చేద్దామనుకున్నా. "ఓ.ఎస్. 45 ఆఫ్ 2015 అనేది ఎన్ని కోర్టుల్ల ఉంటదో ఎరుకేనా బాబూ?" అన్నాడు. ఓ.ఎస్. అంటే సివిల్ దావా. ఏ కోర్టుకా కోర్టు, ఏడాదికోసారి ఒకటి నుంచి నంబర్లు వేసుకుంటాయి. పైగా కేసు ఇంకో కోర్టుకి బదిలీ అయితే నంబరే మారిపోతుంది. కోర్టుల ఆన్‌లైన్ వ్యవస్థ ఈకోర్ట్స్‌లో ఇచ్చే సీఎన్ఆర్ నంబరు ఉందనుకో, 16 అక్షరాలది, దేశంలో ఏ రెండు కేసులకీ ఒకటే ఉండదు. కానీ ఇంకా దాఖలే కాని ఫైలుకి అదెక్కడ దొరుకుతుంది? చివరికి నా సొంత వరస సంఖ్య ఒకటి పెట్టుకుని, కోర్టు, కేసు రకం, నంబరు, ఏడాది, ఈ నాలుగూ కలిపి రెండోసారి రాకుండా కట్టడి చేశా. కోర్టు పేరు కూడా అంతే. అదే భవనం, అదే మెట్లు, 2018 చివరి దాకా ఉమ్మడి హైకోర్టు, 2019 జనవరి 1 నుంచి తెలంగాణ హైకోర్టు. సెక్షన్లయితే ఇంకా ఘోరం. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, నేరం ఏ రోజు జరిగిందో చూసుకుని ఏ చట్టమో ఎంచుకోవాలి. నిన్ను ఇన్నాళ్లూ ఫోర్ ట్వంటీ అని పిలిచాను, ఇకనుంచి 318లో 4 అని పిలవాలి. నోరు తిరగదు.

సరే, బుధవారం.

మధ్యాహ్నం మూడింటికి కోర్టు నుంచి తాత ఫోను. "పంపకాల దావాల మూడో ప్రతివాది పోయిండంట, ఇప్పుడే వాళ్ల కొడుకు చెప్పిండు. రాసుకో." ఆ దావా 2012 నాటిది, పదకొండు మంది ప్రతివాదులు. మూడు, నాలుగు, అయిదు ప్రతివాదులకి వకాలత్ మనదే. రాసుకో అంటే ఎక్కడ రాసుకోవాలో నా దగ్గర లేదు. చనిపోయిన తేదీకి నేను కాలమ్ పెట్టలేదు. పార్టీలు చచ్చిపోతారని నాకు తట్టలేదురా. సివిల్ దావా ఇరవై ఏళ్లు నడుస్తుందని తెలిసి కూడా!

మరి నేనేం చేశాను? పోయినాయన లిస్టులో ఎందుకులే అని వ్యక్తుల టేబుల్లో ఆ వరస డిలీట్ కొట్టాను. పోస్ట్‌గ్రెస్ (నా డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఎంతో మర్యాదగా 'డిలీట్ 1' అని చూపించింది. ఒకటే కదా, పోయిందీ ఒక్కరే కదా అనుకుని టీకి దిగాను.

ఇప్పుడు నీకు కొంచెం లోపలి సంగతి చెప్పాలి. వ్యక్తులు ఒక టేబుల్. ఎవరు ఏ కేసులో వాదో ప్రతివాదో చెప్పే కేసు-పార్టీల టేబుల్ ఇంకొకటి. వాయిదాల టేబుల్లో 'ఎవరు అడిగారు' అనే గడి ఆ కేసు-పార్టీల వరసనే చూపిస్తుంది. వీటన్నిటికీ నేను ఆన్ డిలీట్ క్యాస్కేడ్ పెట్టాను. పైది తీసేస్తే దాన్ని పట్టుకుని వేలాడేవన్నీ వాటంతటవే పోతాయన్నమాట. శుభ్రంగా ఉంటుందని పెట్టా. ఇంకో విషయం, క్యాస్కేడ్‌లో ఊడ్చుకుపోయినవాటిని పోస్ట్‌గ్రెస్ ఆ లెక్కలో కలపదు. నేను చెప్పిన ఒక్క వరసనే లెక్కపెడుతుంది. నాకది తెలుసు! పరీక్షలో అడిగితే నీకంటే బాగా రాసేవాణ్ని!

సాయంత్రం మర్నాటి వాయిదాల లిస్టు ప్రింట్ తీసి తాతకిచ్చి ఇంటికొచ్చేశాను. రాత్రి తొమ్మిదీ నలభైకి, పప్పులో చెయ్యి పెట్టానో లేదో, ఫోను.

"బాబూ, నీ లిస్టుల తొమ్మిది కేసులున్నయ్. నా డైరీల పది ఉన్నయ్."

ఆయన రోజూ రాత్రి లెక్క చూసుకుంటాడట. నా మీద నమ్మకం లేక కాదట, అలవాటట. లేనిది ఏ కేసో అడగక్కర్లేదు, చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. మర్నాటి వాయిదా మూడో ప్రతివాది డాక్యుమెంట్లు వేస్తామని తీసుకున్నది. ఆయనతోపాటే పోయింది. ఆ గురువారం ఎవరూ హాజరు కాకపోయి ఉంటే... వద్దులే.

సర్వర్ అంటే ఆఫీసులోని పాత కంప్యూటరే. బండేసుకుని ఛత్తాబజార్ వెళ్లాను. పెళ్లిళ్ల సీజను కదా, పదిన్నరకి కూడా కింద ప్రెస్సులు ఆడుతున్నాయి, మెట్లు అదురుతున్నాయి. నేను తాళం తీసేసరికి తాత గౌలిపురా నుంచి స్కూటీ మీద వచ్చేశాడు, చంకలో డైరీ, సంచిలో ఫ్లాస్కు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బ్యాకప్ ఆదివారం రాత్రిది ఉంది. దాన్ని అసలుదాని మీద పరిస్తే మూడు రోజులుగా ఎక్కించినవి పోతాయి. అందుకని వేరే డేటాబేస్‌గా తెరిచి, ఆ మనిషి సంఖ్యతో ఏమేం ముడిపడి ఉన్నాయో బయటికి లాగాను. 61 వాయిదాల్లో 19 గల్లంతు. 18 ఆదివారం నాటి దాంట్లో దొరికాయి. దొరకని ఆ ఒక్కటీ సోమవారం ఎక్కించినది, అంటే సరిగ్గా ఈ గురువారం వాయిదాయే. దాన్ని తాత డైరీ చూసి చదువుతుంటే నేను కొట్టాను.

అయిపోయిందనుకుని ఫ్లాస్కు మూత తీశాం. స్క్రీన్ మీద ఇంకో వరస మిగిలుంది. వేరే కేసు. ప్రోనోటు దావా. అందులో ఈయన ప్రతివాది కాదు, వాది!

తాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "అరే, గిది మర్సిపోయినం కదా." ఆ దావా మామయ్య జూనియర్ లాయరు చూసుకుంటోంది, వాయిదా ఇంకా రెండు నెలలుంది, డైరీలో 'కిరాణా దావా' అని రాసుంది. అందరి బుర్రల్లోనూ పంపకాల దావాయే. అప్పుడు తాత నాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 22వ ఆర్డర్ పాఠం చెప్పాడు. కక్షిదారు పోయాడని తెలిస్తే ఆ సంగతి కోర్టుకి చెప్పడం మన లాయరు బాధ్యత. ప్రతివాది పోతే ఆయన వారసుల్ని రికార్డు మీదికి తేవాల్సింది వాది. కానీ పోయింది వాదే అయితే, వారసులే వచ్చి చేరాలి. రెంటికీ పోయిన రోజు నుంచి 90 రోజులు. దాటితే దావా అబేట్, అంటే పోయినవాళ్ల మటుకు దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాత 60 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగొచ్చు గానీ, ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవాలి. ఒక్క చావుకి ఒక కేసులో గడియారం ఎదుటివాళ్లకి, ఇంకో కేసులో మనకి. ఆయన పోయి అప్పటికే 41 రోజులు. మనకి మిగిలింది 49.

మర్నాడు పొద్దున్నే జూనియర్ ఆ కొడుక్కి ఫోన్ చేసి ఆధార్లు, మరణ ధ్రువపత్రం పట్టుకుని రమ్మంది.

ఇప్పుడు వ్యక్తుల టేబుల్లో 'పోయిన తేదీ' ఉంది. ఎవరి బదులు ఎవరొచ్చారో చెప్పడానికి కేసు-పార్టీల టేబుల్లో అదే టేబుల్‌ని చూపించే గడి ఒకటి. మూడో ప్రతివాది మూడో ప్రతివాదిగానే ఉంటాడు, పక్కన 'మరణించారు' అని. వారసులు పన్నెండు నుంచి మొదలవుతారు. క్యాస్కేడ్‌లన్నీ పీకేసి రిస్ట్రిక్ట్ పెట్టా. ఎవరినీ తుడిచేయడానికి వీల్లేదు. తేదీ పడగానే 90 రోజుల గడువు దానంతటదే లిస్టులోకొస్తుంది. బ్యాకప్ రోజూ రాత్రి.

ఒక సంగతి చెప్పలేదు. ఆయన్ని నేనెరుగుదును. పోయిన వేసవిలో ఆఫీసుకొచ్చి, నేను కేబుళ్లతో కుస్తీ పడుతుంటే చూసి, కిందికి తీసుకెళ్లి ఫలూదా తినిపించాడు. "ఈ డబ్బాలో నా కేసు కూడా ఉంటదా?" అని అడిగాడు. ఉంటుందండీ అన్నాను. డిలీట్ కొట్టేటప్పుడు పేరు చదివాను కూడా, కానీ మొహం గుర్తు రాలేదు. రాత్రి ఆ వరస మళ్లీ స్క్రీన్ మీదికి రాగానే తండ్రి పేరు, వయసు, శాలిబండ అడ్రసు...

మామయ్యకి ఇంకా చెప్పలేదు. తాత కూడా చెప్పనన్నాడు, కాకపోతే రోజూ లిస్టు ఇవ్వగానే నా ముందే వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. నువ్వు మా అమ్మకి ఫోన్ చేసినప్పుడు నోరు జారకు, మామయ్య ఆమె తమ్ముడని నీకు ప్రత్యేకంగా గుర్తు చేయాలా? ఇంటర్ మార్కుల సంగతి ఎట్లా బయటపడిందో నేను మర్చిపోలేదు.

నీ ఇంటి ప్లాను గురించి అడిగావు కదా, ఆ వంటగది తూర్పు వైపు అయితే... ఉండు, మీ బావమరిది ఫోను. ఎంజీబీఎస్‌లో ఉన్నాడట, నాలుగింటి బస్సు. ఈ ఉత్తరం, ఉస్మానియా బిస్కెట్లు ఆయన చేతికే ఇస్తున్నా. బిస్కెట్లు లెక్కపెట్టుకో, రెండు డజన్లు. వంటగది సంగతి మళ్లీ